తోలుబొమ్మ ఎందుకు కుళ్లదు? కొలాజెన్ తాడును విప్పే బాక్టీరియా ఎంజైములు

మా కాలేజీ ల్యాబులో జెలటిన్ పరీక్ష ఏటా ఉండేదే. గాజు గొట్టంలో గట్టిగా పేరుకున్న జెలటిన్‌లోకి సూదితో బాక్టీరియాను గుచ్చి వదిలేస్తాం. కొన్ని రోజుల తరువాత గొట్టాన్ని మంచునీళ్లలో ఉంచి, బయటికి తీసి వంచి చూస్తాం. చల్లబడ్డాక కూడా జెలటిన్ నీళ్లలా పారితే, ఆ బాక్టీరియా దగ్గర దాన్ని కరిగించే ఎంజైమ్ ఉందని రికార్డులో రాసుకుంటాం. పోయిన ఏడాది ఒక పిల్లాడు ఇంకో వాక్యం కలిపాడు: "కాబట్టి ఈ బాక్టీరియా తోలును కూడా తినగలదు."

ఆ వాక్యం కింద నేను ఎర్రగీత పెట్టాను. వాడు ఒప్పుకోలేదు. వాళ్లది ధర్మవరం దగ్గర పల్లె, గొర్రెల మంద ఉన్న ఇల్లు. "జెలటిన్ వచ్చేదే తోలు నుంచి గదా సార్. మా మందలో ఒక గొర్రె చచ్చి వంకలో పడితే కొన్నాళ్లకు తోలు కూడా మిగల్లేదు. మరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు మా అబ్బ కాలం నుంచి అట్లే ఉండాయి. రెండూ తోలే గదా, ఎట్ల సార్?" అన్నాడు.

ప్రశ్న నాకు చాలా నచ్చింది. జవాబులో సగం చెప్పేసరికి బెల్లు కొట్టారు. మిగిలిన సగం కూడా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు వాడి వాక్యంలో తప్పెక్కడుందో చూద్దాం. జెలటిన్ తోళ్ల నుంచి, ఎముకల నుంచి వస్తుందన్నది నిజమే. కర్నూలు వైపు సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించిన పాయా షేర్వా తాగినవాళ్లకు తెలుసు, తాగాక పెదవులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మిగిలిన షేర్వా చలికాలం పొద్దునకు గిన్నెలో గడ్డకట్టి ఉంటుంది. ఆ జిగురే జెలటిన్. పొట్టేలు కాళ్లలో ఉన్నప్పుడు దాని పేరు కొలాజెన్, ఉడికాక జెలటిన్. అణువుల గొలుసు అదే, అందులో అమైనో ఆమ్లాల వరుసా అదే. గొలుసు నిలబడిన తీరు మాత్రం మారిపోయింది. నాలుకకు పెద్దగా పట్టని ఆ మార్పే ఎంజైముకు అన్నిటికంటే ముఖ్యం.

పురి పెట్టిన తాడు

కిత్తనారతో తాడు పేనడం చూసినవాళ్లు అనంతపురం పల్లెల్లో ఇంకా ఉన్నారు. నారను ముందు పేటలుగా తీసి ఒకవైపుకు పురి పెడతారు. తరువాత మూడు పేటలను కలిపి ఎదురువైపుకు తిప్పుతారు. పేట తన పురి విప్పుకోవాలని చూసే కొద్దీ తాడు మరింత బిగుస్తుంది. రెండు పురులు ఒకదాన్నొకటి కాపలా కాస్తాయి కాబట్టే పగ్గం చేతిలో విడిపోదు.

కొలాజెన్ కట్టుబడి కూడా ఇంతే. ఒక్కో గొలుసు ఎడమవైపుకు మెలితిరిగి ఉంటుంది. అలాంటి మూడు గొలుసులు కలిసి కుడివైపుకు పెనవేసుకుంటాయి. ఈ ముప్పేట తాడు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు. మన కొలతల్లోకి తెచ్చుకుంటే, ఒకటిన్నర సెంటీమీటర్ల మందంతో మూడు మీటర్ల పగ్గం అనుకోవచ్చు. ఒక్కో గొలుసులో వెయ్యికి పైచిలుకు అమైనో ఆమ్లాలుంటాయి. వాటిలో ప్రతి మూడోది గ్లైసిన్ అయి తీరాలి. మూడు గొలుసులు ఆనుకునే నడిమి భాగంలో చోటు ఎంత ఇరుకంటే, అన్నిటికంటే చిన్నదైన గ్లైసిన్ తప్ప మరొకటి అక్కడ పట్టదు. పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల ఒక్క గ్లైసిన్ స్థానంలో ఇంకోటి చేరినా తాడు అక్కడ సరిగా అల్లుకోదు. చిన్నపాటి దెబ్బకే ఎముకలు విరిగిపోయే పిల్లల్లో చాలామందికి ఉన్న లోపం ఇదే.

మిగతా రెండు స్థానాల్లో ఎక్కువగా కనిపించేవి ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్. అవి గొలుసును అటూ ఇటూ వంగనివ్వవు. ప్రోలిన్ మీద ఆ హైడ్రాక్సీ గుంపును అతికించడానికి శరీరానికి విటమిన్ సి కావాలి. తాజా పండు, కూరగాయ లేకుండా నెలల తరబడి ఓడల్లో తిరిగిన నావికుల చిగుళ్లు చితికి, పాత గాయాలు మళ్లీ తెరుచుకున్నది ఇందుకే. వాళ్ల శరీరం కొత్త తాళ్లు పేనుతూనే ఉన్నా, వాటికి పురి నిలవలేదు.

ఈ ముప్పేట ఆకారాన్ని ప్రతిపాదించినది మన పక్కనే ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. 1954లో మూడు గొలుసుల నమూనాను ప్రకటించి, 1955లో ఆ మూడూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటాయని సవరించారు. దక్షిణాదిలో జీవరసాయనం చెప్పే ప్రతి క్లాసులో ఈ మాట ఒకసారైనా వినిపించాలని నా కోరిక. కొలాజెన్ పేరు తెలిసిన పిల్లల్లో చాలామందికి దాని ఆకారం తేలినది మద్రాసులోనని తెలియదు.

శరీరంలో ఈ తాడు ఒంటరిగా ఉండదు. పక్కపక్కన చేరి, ఒకదానికంటే ఒకటి కాస్త జరిగి, కట్టలు కట్టలుగా పేరుకుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆ కట్టల మీద 67 నానోమీటర్లకొక చార కనిపిస్తుంది. తాళ్ల మధ్య రసాయన ముడులు కూడా పడతాయి. లేత పొట్టేలు మాంసం తొందరగా ఉడకడం, ముదురు గొర్రె మాంసం ఎంతకీ ఉడకకపోవడం మనందరికీ అనుభవమే. వయసుతో పెరిగే ఆ ముడులే దానికి ఒక ప్రధాన కారణం.

ఇప్పుడు ప్రొటీన్లను కోసే మామూలు ఎంజైమ్ ఈ తాడు దగ్గరికి వచ్చిందనుకోండి. మన పేగుల్లో ఉండే ట్రిప్సిన్‌నే తీసుకుందాం. దానికి కోసే శక్తి బాగానే ఉంది. అయితే కోయవలసిన గొలుసు ఒంటిగా, చాచుకుని, దాని ఇరుకు గాడిలోకి వచ్చి పడుకోవాలి. పురి పెట్టిన తాడులో ఒంటి గొలుసు దొరకదు. కోయవలసిన బంధాలు లోపలికి దాక్కుని ఉంటాయి. ఉడికించినప్పుడు పురి విడిపోయి మూడు గొలుసులూ వేటికవి వేరవుతాయి. అప్పుడు ప్రొటీన్లను కోసే మామూలు ఎంజైములు కూడా వాటిని చీల్చగలవు. జెలటిన్ పరీక్షలో గెలిచిన బాక్టీరియా చేసిన పని ఇంతే, వేరే ఎవరో విప్పిపెట్టిన తాడును ముక్కలు చేసింది. పిల్లాడి వాక్యం కింద నేను గీత పెట్టింది ఇందుకే. పురి ఉన్న తాడును విప్పగలిగే ఎంజైముకే కొలాజినేజ్ అనే పేరు సరిపోతుంది.

పట్టకారు లాంటి నోరు

అలాంటి ఎంజైమ్ ఉన్న బాక్టీరియా మొదట వెలుగులోకి వచ్చింది యుద్ధభూమి నుంచి. మొదటి ప్రపంచ యుద్ధంలో మట్టి అంటుకున్న గాయాలతో వచ్చిన సైనికులకు కండ కుళ్లిపోయే గ్యాస్ గ్యాంగ్రీన్ పట్టుకునేది. 1916లో వైన్‌బెర్గ్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రాన్సులో అలాంటి గాయాల నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. కండను, దాన్ని ఎముకకు కట్టే నరాలను కరిగిస్తుంది కాబట్టి దానికి క్లోస్ట్రిడియం హిస్టోలిటికం అని పేరు పెట్టారు. ఆ పేరుకు కణజాలాన్ని కరిగించేది అని అర్థం. 2016 నుంచి శాస్త్రీయంగా దాన్ని హాథవేయా హిస్టోలిటికా అంటున్నారు, ఆసుపత్రుల్లో, మందుల సీసాల మీద పాత పేరే నడుస్తోంది. అది గాలి తగలని చోట బాగా పెరుగుతుంది. ప్రతికూల కాలంలో విత్తనంలాంటి స్పోరుగా మారి మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉండగలదు. 1953లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఐనెస్ మాండల్, ఆమె సహచరులు దీని కొలాజినేజ్‌ను వేరుచేసి దాని గుణాలను వివరించారు.

బాక్టీరియాకు ఈ ఎంజైమ్ దేనికంటే, తిండికి. ఈ జాతి చక్కెరల మీద బతకదు, అమైనో ఆమ్లాలే దానికి ఆధారం. చచ్చిన జంతువులో అన్నిటికంటే ఎక్కువగా నిల్వ ఉన్న ప్రొటీన్ కొలాజెన్. మాంసం మెత్తగా ఉంటుంది కాబట్టి దానికి పోటీదారులు చాలామంది. నరాలు, తోలు, ఎముక దగ్గరికి వచ్చేసరికి పోటీ తగ్గుతుంది. తాళం చెవి ఉన్నవాళ్లకే ఆ గాదె తెరుచుకుంటుంది.

ఈ బాక్టీరియా రెండు కొలాజినేజ్‌లను బయటికి వదులుతుంది, కోల్‌జి, కోల్‌హెచ్ అని వాటి పేర్లు. ఒక్కోటి సుమారు వెయ్యి అమైనో ఆమ్లాల పెద్ద ప్రొటీన్, వేర్వేరు పనులున్న భాగాలను వరుసగా గుచ్చిన దండలాంటిది. తల దగ్గర కోసే యంత్రం ఉంటుంది. తోక దగ్గర కొలాజెన్‌ను పట్టుకునే భాగాలుంటాయి, కోల్‌జికి అవి రెండు, కోల్‌హెచ్‌కు ఒకటి. తలకూ తోకకూ నడుమ వేరే భాగాలున్నాయి, కోల్‌జిలో ఒకటి, కోల్‌హెచ్‌లో రెండు.

తోక చేసే పనిని తక్కువగా చూడకూడదు. తడిసిన తోలులో ఎంజైమ్ ఎటు పడితే అటు కొట్టుకుపోకుండా కట్టల మీద నిలవాలి. పట్టు భాగం ముప్పేట తాడును గుర్తుపడుతుంది, పురి విడిపోయిన జెలటిన్‌కు అంటుకోదు. ఆ పట్టు బిగియడానికి కాల్షియం కావాలి. బాక్టీరియా కణం లోపల కాల్షియం చాలా తక్కువ, బయట గాయంలోనో కళేబరంలోనో సమృద్ధిగా ఉంటుంది. ఎంజైమ్ కణం దాటి బయటికి వచ్చి కాల్షియాన్ని తాకగానే పట్టు భాగం గట్టిపడి పనికి సిద్ధమవుతుంది. ల్యాబులో కాల్షియం, జింక్ లాంటి లోహాలను లాక్కునే ఈడీటీఏ కలిపితే ఈ ఎంజైమ్ పని ఆగిపోవడానికి ఇదొక కారణం. రెండో కారణం తలలో ఉంది.

తల ఆకారం 2011లో తేలింది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎకార్డ్, బ్రాండ్‌స్టెట్టర్ బృందం కోల్‌జి తలను స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలతో దాని నిర్మాణం బయటపెట్టింది. పక్కనుంచి చూస్తే అది గుర్రం జీనులా ఉంటుంది. నాకు మాత్రం కొలిమి దగ్గర పట్టకారు గుర్తొస్తుంది. పట్టకారుకు రెండు దవడలు. ఒక దవడలో కోసే కేంద్రం ఉంది, దాన్ని పెప్టిడేజ్ భాగం అంటారు. ఎదురు దవడ యాక్టివేటర్ భాగం, దానికి కోసే శక్తి లేదు.

మా పిల్లాడి ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే ప్రయోగం ఇక్కడే ఉంది. కోసే దవడను ఒంటిగా తయారుచేసి చూస్తే అది విడి గొలుసులను కోసింది, పురి ఉన్న కొలాజెన్ జోలికి పోలేకపోయింది. ఎదురు దవడను జతచేసి తలను పూర్తిచేస్తే అదే ఎంజైమ్ ముప్పేట తాడును కూడా కోసేసింది. ఒంటి దవడ జెలటిన్ తినే ఎంజైమ్, రెండు దవడలూ కలిస్తే కొలాజినేజ్. పళ్లు రెండు సందర్భాల్లోనూ అవే.

పని జరిగే తీరును సాల్జ్‌బర్గ్ బృందం ఇలా ఊహించింది. నోరు తెరుచుకుని ఉన్నప్పుడు ముప్పేట తాడు మొత్తంగా దవడల మధ్యకు చేరుతుంది. దవడలు మూసుకుంటూ తాడును రెండు వైపుల నుంచీ ఒత్తుతాయి. ఆ ఒత్తిడిలో కొద్ది దూరం మేర పురి సడలి, ఒక గొలుసు కోసే గాడిలోకి జారుతుంది. అది తెగుతుంది. తరువాత రెండోది, మూడోది. నోరు మళ్లీ తెరుచుకుంటుంది. నమిలి జీర్ణం చేసే పద్ధతి అని దీనికి వాళ్లు పేరు పెట్టారు. 2022లో విబ్రియో అనే మరో బాక్టీరియా జాతి కొలాజినేజ్ నిర్మాణం బయటపడినప్పుడు ఈ చిత్రం కాస్త మారింది. తాడును మొదట పట్టేది యాక్టివేటర్ భాగమేననీ, అక్కడి నుంచి అది కోసే దవడ వైపుకు చేరుతుందనీ ఆ పరిశోధకులు ప్రతిపాదించారు. నోరు ఎంత మేర మూసుకోవాలన్న దాని మీద వాదన నడుస్తోంది. కోసే పని కంటే పట్టి లొంగదీసే పని పెద్దదన్న విషయంలో మాత్రం రెండు చిత్రాలూ కలుస్తాయి.

ఇక కోత. గాడి నడుమ ఒక జింక్ అయాన్ కూర్చుని ఉంటుంది. కోల్‌జిలో దాన్ని పట్టి ఉంచేవి మూడు అమైనో ఆమ్లాలు: 523, 527 స్థానాల్లోని రెండు హిస్టిడిన్లు, 555వ స్థానంలోని గ్లుటమేట్. జింక్ దగ్గరే ఒక నీటి అణువు ఉంటుంది. 524వ స్థానంలోని మరో గ్లుటమేట్ ఆ నీటి అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను లాగుతుంది. అలా రేగిన నీరు గొలుసులోని పెప్టైడ్ బంధం మీద పడి దాన్ని రెండుగా చీలుస్తుంది. ఇక్కడ కత్తి అనదగ్గది ఏదైనా ఉంటే అది నీరే. బంధం తెగిన చోట ఆ నీటి అణువే రెండు ముక్కలై అటూ ఇటూ చేరిపోతుంది. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, తోలుబొమ్మ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఎక్కడ కోస్తుంది? గ్లైసిన్‌కు సరిగ్గా ముందున్న బంధం దగ్గర. గ్లైసిన్ ప్రతి మూడో స్థానంలో ఉంటుంది కాబట్టి కొలాజెన్ పొడవునా వందల చోట్ల అవకాశం ఉంది. బాక్టీరియా దాన్ని చిన్న చిన్న ముక్కలయ్యే దాకా వదలదు. రెండు ఎంజైములూ పని పంచుకుంటాయి. కోల్‌జి వర్గం తాడును కొసల దగ్గర మొదలుపెడుతుంది, కోల్‌హెచ్ వర్గం నడుమ నుంచి మొదలుపెడుతుంది. రెండూ కలిస్తే పని వేగం విడివిడిగా చేసినదానికంటే పెరుగుతుంది.

మన శరీరానికి కూడా సొంత కొలాజినేజ్‌లున్నాయి. 1962లో జెరోమ్ గ్రాస్, చార్ల్స్ లాపియేర్ అనే ఇద్దరు, కప్పగా మారే తోకకప్ప తన తోకను ఎలా కరిగించుకుంటుందో వెతుకుతూ మొదటిసారి అలాంటి ఎంజైమ్‌ను పట్టుకున్నారు. మన ఎంజైమ్ తీరు వేరు. దాని గాడి వెడల్పు అర నానోమీటరు, తాడు మందం ఒకటిన్నర, కాబట్టి అది కూడా ముందు పురి సడలించుకోవలసిందే. అది ముప్పేట తాడును ఒకే ఒక చోట కోస్తుంది, ముప్పావు ముక్క, పావు ముక్క అయ్యేలా. తెగిన ముక్కలు శరీర వేడికి తమంతట తామే పురి వదిలేస్తాయి, మిగతా పని వేరే ఎంజైములు చూసుకుంటాయి. మనకు తాడును తీసి కొత్తది వేసుకోవాలి కాబట్టి కోతకు లెక్క ఉంది, ఆపడానికి వేరే ప్రొటీన్ల కాపలా ఉంది. కళేబరం మీద బాక్టీరియాకు ఆ లెక్క అక్కర్లేదు.

నీళ్లు, ఉప్పు, తంగేడు చెక్క

ఇప్పుడు వంకలోని గొర్రె, నిమ్మలకుంట బొమ్మ.

వంకలో కుక్కలు, కాకులు, పురుగులు చేసే పని చాలానే ఉంది, దాన్ని బాక్టీరియా ఖాతాలో వేయకూడదు. అవి వదిలేసిన తోలు, నరాల దగ్గర బాక్టీరియా వంతు వస్తుంది. తడి ఉంది, ఎండవేడి ఉంది, ఉబ్బిన కళేబరం లోపల గాలి లేదు, కడుపులోంచి, మట్టిలోంచి వచ్చిన బాక్టీరియా ముందే ఉంది. కొలాజినేజ్‌కు ఇంతకంటే అనువైన చోటు లేదు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ మేకతోలును నానబెట్టి, బొచ్చూ కొవ్వూ గీకి, బిగలాగి ఆరబెడతారు. వెనక దీపం పెడితే వెలుతురు పారేంత పలచగా, పారదర్శకంగా తయారవుతుంది. చెప్పుల తోలులా దీన్ని ఊనరు, అంటే చెక్క రసంలో నానేసి పదును చేయరు, ఊనితే వెలుతురు పారదు. అంటే తెర మీద ఆడే రాముడూ హనుమంతుడూ రసాయనికంగా దాదాపు పచ్చి కొలాజెన్. పురి చెక్కుచెదరని ముప్పేట తాళ్లే, ఏ ముడులూ కొత్తగా పడలేదు. మరి ఏది కాపాడుతోంది?

నీళ్లు లేకపోవడం. బాక్టీరియా పెరగాలంటే తేమ బాగా ఉండాలి, గాలిలో ఆరిన తోలులో మిగిలేది వాటికి చాలదు. ఒకవేళ ఎంజైమ్ ముందే తోలులో ఉన్నా, దవడలు కదలడానికి నీరు కావాలి, తాడు మీదికి చేరడానికి నీరు కావాలి, చివరికి బంధాన్ని కోసే కత్తి కూడా నీటి అణువే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం గడ్డ మీద తోలు తొందరగా ఆరిపోతుంది. ఎంజైమ్ పని మొదలుపెట్టేలోగా దాని చేతిలోని కత్తి ఆవిరైపోతుంది. వానాకాలంలో బొమ్మల పెట్టెకు చెమ్మ తగలకుండా చూసుకునే జాగ్రత్త వెనక ఉన్న రసాయనం ఇదే.

ఉప్పు చేసేది కూడా నీటిని దక్కనివ్వకపోవడమే. సంతల నుంచి తోళ్ల మండీలకు పోయే పచ్చి తోళ్లకు ఉప్పు పట్టిస్తారు. మాంసం వైపు నీరు బయటికి వచ్చేస్తుంది, మిగిలిన నీరు ఉప్పు చేతిలో బందీ. చాలా బాక్టీరియాకు అక్కడ బతుకు లేదు. చాలా అన్నాను గానీ, అన్నిటికీ కాదు. ఉప్పును తట్టుకుని కొలాజెన్‌ను కోసే బాక్టీరియా ఒకటి 1970లలో సరిగ్గా ఇలాంటి ఉప్పు తోళ్ల మీదనే దొరికింది. మొదట అక్రోమోబాక్టర్ అనుకున్నారు, తరువాత అది సముద్రపు నీటిలో ఉండే విబ్రియో వర్గానిదని తేలింది. తోళ్ల వ్యాపారులు ఉప్పు పట్టించినా తొందరపడేది ఊరికే కాదు.

తోలును శాశ్వతంగా కాపాడేది ఊనడం. లందలో, అంటే తోళ్లు ఊనే తొట్టిలో, తంగేడు చెక్క, కరక్కాయ నానేసి తోళ్లు ఊనే విద్య దక్షిణాదిలో తరతరాలది. రాయలసీమ గుట్టల మీద పచ్చగా పూసే తంగేడే అది. చెక్కలోని టానిన్లు తాళ్ల మధ్య సందుల్లోకి చేరి, అనేక చోట్ల హైడ్రోజన్ బంధాలతో వాటిని అతుకుతాయి. క్రోమ్ పద్ధతిలో క్రోమియం అయాన్లు గొలుసుల మీది ఆమ్ల గుంపుల మధ్య వంతెనలు వేస్తాయి. పచ్చి తోలును నీళ్లలో వేడి చేస్తే సుమారు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర పురి విడిపోయి ముడుచుకుపోతుంది. బాగా క్రోమ్ పట్టిన తోలు మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది. వేడి విప్పలేని పురిని పట్టకారు దవడలు సడలించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. లందల దగ్గర పనిచేసిన మనుషులకు పరమాణువుల భాష తెలియకపోవచ్చు, వాళ్లు గెలిచింది మాత్రం ఇంత గట్టి ఎంజైముల మీద. ఆ విద్యకు ఊళ్లలో దక్కవలసిన మర్యాద దక్కలేదన్న బాధ నాకుంది.

మద్రాసు అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ తెలుగువాడు. తోళ్ల పరిశ్రమలో ఇప్పుడు బొచ్చు ఊడగొట్టడానికి సున్నం, సల్ఫైడు తగ్గించి ఎంజైములు వాడుతున్నారు. అక్కడ పాటించే మొదటి నియమం ఈ వ్యాసానికి తిరగేసిన రూపం: ఆ ఎంజైములో కొలాజినేజ్ ఉండకూడదు. ఉంటే బొచ్చుతో పాటు తోలూ పోతుంది.

అదే ఎంజైమ్, గాయం మీద

మా మేనమామకు షుగరు. మడమ దగ్గర ముల్లు గుచ్చుకుని పుండు పడి, నెలలైనా మానలేదు. పుండు అడుగున పసుపుపచ్చని చచ్చిన పొర గట్టిగా అతుక్కుని ఉండేది. కర్నూలులో చూసిన డాక్టరమ్మ ఆ పొర కోసం ఒక ఆయింటుమెంటు రాసింది. దాని మీద పేరు చదివి నేను ఉలిక్కిపడ్డాను, కొలాజినేజ్, క్లోస్ట్రిడియం హిస్టోలిటికం నుంచి తీసినది. గ్యాంగ్రీన్ తెచ్చే బాక్టీరియా ఎంజైమును మామ కాలికి పూయడమా అని అడిగితే ఆమె ఓపికగా చెప్పింది. చచ్చిన పొరను పుండు అడుగుకు కట్టి ఉంచేది కొలాజెన్ పోగులు. వాటిని తెంపితే పొర ఊడి వస్తుంది, కింద కొత్త చర్మం ఎదగడానికి చోటు దొరుకుతుంది. మందులో ఉన్నది శుద్ధి చేసిన ఎంజైమ్, బాక్టీరియా లేదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది. పూసే ముందు పుండును సెలైన్‌తో కడగాలి, సబ్బులాంటి డిటర్జెంట్లు, వెండి, పాదరసం ఉన్న మందులు దానితో కలవకూడదు. అవి ఎంజైమును చంపేస్తాయి. జింక్ చుట్టూ అంత పొందికగా కట్టిన గాడి వేరే లోహం వచ్చి కూర్చుంటే చెడిపోతుందని నాకు పాఠంగా తెలుసు. మామ కాలి దగ్గర కూర్చుని వింటే వేరేగా అనిపించింది. ఇలాంటి పుండ్లున్నవాళ్లు డాక్టరు చెప్పకుండా దుకాణంలో కొని పూసుకోవద్దు. ముందు రక్తప్రసరణ, సెప్టిక్ చూడాలి.

అరచేతి లోపలి పొరలో కొలాజెన్ తాడులా పేరుకుని వేళ్లు ముడుచుకుపోయే జబ్బు ఒకటుంది. కోల్‌జి, కోల్‌హెచ్ కలిపిన సూదిమందును ఆ తాడులోకే ఇచ్చి, తరువాత వేలిని చాచి దాన్ని తెంపే చికిత్సకు 2010లో అమెరికాలో అనుమతి దొరికింది. రక్తనాళాల, నరాల చుట్టూ ఉండే నాలుగో రకం కొలాజెన్ ఈ ఎంజైములకు అంత తేలికగా లొంగదు, అదే అక్కడ రోగికి అండ. మధుమేహ పరిశోధనకూ ఈ ఎంజైమే దారి వేసింది. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాల గుత్తులు మొత్తం కణజాలంలో ఒకటి రెండు శాతమే. చుట్టూ ఉన్న కొలాజెన్‌ను కరిగించి వాటిని ప్రాణంతో బయటికి తీయడం 1960లలో కొలాజినేజ్‌తోనే సాధ్యమైంది, ఆ గుత్తుల మార్పిడికి ఇప్పటికీ అదే వాడతారు.

గొర్రెలు, పశువులు ఉన్నవాళ్లు అడగబోయే ప్రశ్న ఒకటి మిగిలింది. చిటుకు రోగం, జబ్బవాపు ఈ ఎంజైముల వల్లేనా? ఆ రెండూ క్లోస్ట్రిడియం కుటుంబం తెచ్చే జబ్బులే, కానీ ప్రాణం తీసేవి వేరే విషాలు. గొర్రెల్లో చిటుకు రోగాన్ని కలిగించేది పేగుల్లో పుట్టే ఎప్సిలాన్ విషం. అదే జాతి బాక్టీరియాకు కొలాజినేజ్ కూడా ఉంది, దాన్ని కప్పా విషం అంటారు. కండలోకి దిగిన సెప్టిక్‌లో అది గోడలు పడగొట్టి దారి ఇస్తుంది, దెబ్బ కొట్టేది మిగతావి. అందుకే వానలకు ముందు వేయించే చిటుకు టీకా ఎప్సిలాన్ విషాన్ని గురిపెడుతుంది. ఆ టీకాను తప్పించుకోకండి.

పిల్లాడి సంగతి చెప్పి ఆపుతాను. వాడి వాక్యాన్ని మాటలతో కొట్టేయడం నాకు ఇష్టం లేకపోయింది. కొలాజినేజ్ కొనే స్తోమత మా ల్యాబుకు లేదు, ట్రిప్సిన్ ఉంది. వాడే పొట్టేలు కాలి నరం తెచ్చాడు. ఒకే బరువున్న రెండు ముక్కలు కోశాం. ఒకదాన్ని గంటసేపు ఉడికించాం, ఇంకోదాన్ని పచ్చిగా ఉంచాం. రెండింటినీ ట్రిప్సిన్ ద్రావణంలో వేసి 37 డిగ్రీల్లో పెట్టాం. సాయంత్రానికి ఉడికిన ముక్క ఉన్న గొట్టంలో మడ్డినీళ్లు తప్ప ఏమీ లేదు. పచ్చి ముక్క కాస్త ఉబ్బి, తెల్లగా మెరుస్తూ, చిమటాతో లాగితే తాడులా సాగి నిలబడింది.

వాడు రికార్డు తెచ్చుకుని "తోలును" అన్న మాట కొట్టేసి పైన "ఉడికిన తోలును" అని రాశాడు. మరుసటి రోజు ఒక ప్లాస్టిక్ కవరుతో వచ్చాడు. "వంకలో గొర్రె పడిన చోటి మన్ను సార్, దీంట్లో కొలాజినేజ్ ఉండే బాక్టీరియా ఉంటాది గదా, పెంచుదామా?" ఉంటుంది, దానితో పాటు ధనుర్వాతం స్పోర్లు కూడా ఉండొచ్చు, గాలి తగలకుండా వాటిని భద్రంగా పెంచే ఏర్పాటు మనకు లేదు అని చెప్పాను. కవరును వాడితోనే గట్టిగా కట్టించి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, చివరిసారి టీటీ సూది ఎప్పుడు వేయించుకున్నావని అడిగాను. వాడికి గుర్తులేదు. ఆ మధ్యాహ్నమే పీహెచ్‌సీకి పంపాను.